ఖర్చులెవరివి?

1980 జనవరిలో ముహమ్మద్ అలీ మద్రాసు వచ్చాడు. నెహ్రూ స్టేడియంలో బాక్సింగ్ ప్రదర్శన పోటీ. రేణిగుంటలో రైలెక్కినా, చిత్తూరు బస్టాండులో బస్సెక్కినా ఒక్క పూటలో చేరిపోయే ఊరు మద్రాసు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు వాళ్లకి ఎంజీఆర్ సినిమా ఎంత దగ్గరో మద్రాసు కబుర్లూ అంతే దగ్గర. అప్పుడు ముఖ్యమంత్రి ఆయనే. ఆయన పక్కన అలీ నిలబడ్డ ఫొటో ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది.

ఆ రోజు అలీకి ఎదురుగా రింగులో నిలబడిన మనిషిని మాత్రం జనం మరిచిపోయారు. ఆయన జిమ్మీ ఎల్లిస్. ఇద్దరిదీ అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్. కుర్రతనంలో అమెచ్యూర్ పోటీల్లో ఒకరినొకరు కొట్టుకుని చెరోసారి గెలిచారు. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు 1967లో అలీ బిరుదు లాగేసుకున్నాక, ఆ ఖాళీ కోసం వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్ పెట్టిన పోటీల్లో 1968లో గెలిచినవాడు ఎల్లిస్. మద్రాసులో ఇద్దరూ నవ్వుతూ తలపడ్డారు. డబ్బు తీసుకుని నిజంగా కొట్టుకున్నది మాత్రం ఒక్కసారే, అంతకు తొమ్మిదేళ్ల ముందు.

1971 జూలై 26. హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్. గంట మోగకముందే చూసేవాళ్లకి ఒక వింత కనబడింది. అలీ తొలినాళ్ల నుంచీ అతని మూలలో స్టూలు వేసి, నీళ్లు పట్టి, చెవిలో ఎత్తులు చెప్పిన ఏంజెలో డండీ ఆ రాత్రి అవతలి మూలలో ఉన్నాడు. ఎల్లిస్ పక్కన. అలీ వెనక హ్యారీ వైలీ అనే పెద్దాయన నిలబడ్డాడు. ఒకప్పుడు షుగర్ రే రాబిన్సన్‌తో పనిచేసిన మనిషి.

డండీ అలిగి వెళ్లలేదు. లెక్క చూసుకుని వెళ్లాడు. అలీకి ఆయన ట్రైనర్ మాత్రమే. ఎల్లిస్‌కి ట్రైనరూ ఆయనే, మేనేజరూ ఆయనే. బాక్సర్ పారితోషికంలో ట్రైనర్‌కి ఆనవాయితీగా దక్కేది పదో వంతు. మేనేజర్‌కి మూడో వంతు దాకా వస్తుంది. ఆ రాత్రి ఎల్లిస్ పక్కన ఉంటే డండీకి గిట్టేది ఎక్కువ. అలీకి ఆ సంగతి తెలుసు, తప్పుపట్టలేదు. పన్నెండో రౌండులో రిఫరీ ఫైటు ఆపేశాడు. అలీ గెలిచాడు. తర్వాత డండీ మామూలుగా పాత మూలకే వచ్చేశాడు.

బాక్సింగ్ డబ్బు గురించి చదివిన కథలన్నిటిలోనూ నాకు మర్యాదగా అనిపించే ఘట్టం ఇదే. ఎవరు ఎవరి పక్కన ఎందుకు నిలబడ్డారో అందరికీ తెలుసు. కాగితం మీద ఉంది. కథ చెడేది కాగితం ఒకరి జేబులోనే ఉండిపోయినప్పుడు.

* * *

ఇప్పుడు ఇంకా వెనక్కి, 1960కి పోవాలి.

సెప్టెంబర్ 5న రోమ్ ఒలింపిక్స్‌లో లైట్ హెవీవెయిట్ స్వర్ణం గెలిచిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు పతకం మెడలోంచి తీయకుండా ఊళ్లో తిరుగుతున్నాడు. అప్పటికింకా అతను కేషియస్ క్లే. తండ్రి అంగళ్లకి బోర్డులు రాసే పెయింటర్. తల్లి ఒడెస్సా తెల్లవాళ్ల ఇళ్లలో వంటా, పిల్లల పనీ చేసేది. ఇంటికి ఒక్కసారిగా చుట్టాలకంటే ఎక్కువగా మేనేజర్లు రావడం మొదలైంది.

మొదటి బేరం ఊళ్లోనే తగిలింది. క్లేకి పన్నెండేళ్ల వయసులో బాక్సింగ్ నేర్పడం మొదలుపెట్టిన జో మార్టిన్ అనే పోలీసు ద్వారా, అల్యూమినియం వ్యాపారి రేనాల్డ్స్ కుటుంబం నుంచి వచ్చింది. మంచి బేరమే అంటారు. కానీ పెద్ద క్లేకి పోలీసులంటే గిట్టదు. ఆ కాగితం పక్కకి పోయింది.

రెండో బేరంతో వచ్చినవాళ్లు పదకొండు మంది. అందరూ తెల్లవాళ్లు, అందరూ కలిగినవాళ్లు. విస్కీ, పొగాకు, పత్రిక, టీవీ, గుర్రాలు, ఇలా తలా ఒక సంపాదన. ముందు నిలబడింది బ్రౌన్‌ఫోర్మన్ విస్కీ కంపెనీలో వైస్ ప్రెసిడెంట్ బిల్ ఫావర్‌షమ్. పేరు లూయీవిల్ స్పాన్సరింగ్ గ్రూప్. తలకి 2,800 డాలర్లు వేసుకున్నారు, ఫావర్‌షమ్ మాత్రం సగమే ఇచ్చాడు. వాళ్ల స్థాయికి అదొక క్లబ్బు సరదా, పన్ను లెక్కలో కాస్త వెసులుబాటు. ఊరి కుర్రాణ్ణి గూండాల పాలు కానివ్వకూడదన్న పట్టింపూ వాళ్లలో కొందరికి నిజంగానే ఉంది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా సెనేట్ కమిటీ ఒకటి బాక్సింగ్‌లో మాఫియా పాత్ర మీద విచారణ పెట్టింది. త్వరలో ప్రపంచ ఛాంపియన్ కాబోయే సోనీ లిస్టన్ సంపాదనలో సగానికి పైగా వాటా ఫ్రాంకీ కార్బో అనే ముఠా నాయకుడి చేతిలో ఉందని అక్కడ సాక్ష్యాలు వచ్చాయి. ఆ వాటాలు లైసెన్సు కాగితాల్లో ఎక్కడా కనబడవు. గుద్దులు తిన్నవాడికి మిగిలింది పావు వంతు లోపే.

క్లే ఇంటివైపు కూర్చున్న మనిషి ఎవరో తెలిస్తే ఒప్పందం మాట్లాడుకున్న బల్ల దృశ్యం కళ్లముందు మరోలా కదులుతుంది. ఒకవైపు పదకొండు మంది షావుకార్ల తరఫు లాయర్ గోర్డన్ డేవిడ్సన్. ఇటువైపు ముప్పై ఇంకా నిండని నల్లజాతి అమ్మాయి, అల్బర్టా జోన్స్. హోవర్డ్ యూనివర్సిటీలో లా చదివింది. కెంటకీ బార్ పరీక్ష గట్టెక్కిన తొలి నల్లజాతి మహిళల్లో ఒకరు. ప్రాక్టీసు మొదలుపెట్టి ఏడాది అయ్యిందో లేదో. కుర్రాడికి బోనసు ఎంతా అన్నది ఇంటివాళ్ల ఆత్రం. ఇరవై ఏళ్ల తర్వాత వీడికి ఏం మిగులుతుంది అన్నది ఆమె పట్టు.

1960 అక్టోబర్ 26న సంతకాలయ్యాయి. కుర్రాడు అక్కడి చట్టం ప్రకారం ఇంకా మైనరు కాబట్టి తల్లిదండ్రుల సంతకాలూ పడ్డాయి. ఒప్పందం ఆరేళ్లకి. చేతికి వెంటనే 10,000 డాలర్లు. మొదటి రెండేళ్లు ఏడాదికి 4,000, ఆ తర్వాత 6,000 డాలర్లు ఖాయం, గెలిచినా ఓడినా. రింగులోనూ బయటా వచ్చే సంపాదనంతా చెరిసగం. శిక్షణ, ప్రయాణం, బస, ట్రైనర్ జీతం, ప్రచారం అన్నీ షావుకార్ల సగంలోంచే. సంపాదనలో 15 శాతం ఒక ట్రస్టులోకి పోతుంది, ముప్పై ఐదేళ్లు నిండేదాకా గానీ, బాక్సింగ్ మానేసేదాకా గానీ కుర్రాడు కూడా దాన్ని ముట్టుకోకూడదు. ఈ చివరి షరతు అల్బర్టా పట్టుబట్టి పెట్టించింది.

సగం తీసుకోవడం దోపిడీ కదా అని నాకూ మొదట అనిపించింది. దామలచెరువు మామిడి మండీలో చీటీలు రాసే ఒక పెద్దాయన్ని అడిగాను. బాక్సింగని చెప్పలేదు. వందకి యాభై పట్టుకునే మండీ మేలా, ముప్పై మూడు పట్టుకునే మండీ మేలా అన్నాను.

"కర్చులెవురివి?" అన్నాడు, తల కూడా ఎత్తకుండా.

"అంటే?"

"బాడుగెవురిది? కోత కూలి, హమాలీ కూలి ఎవురివి? తరుగెంత తీస్తారు? అడ్వాన్సుకు వడ్డీ ఉండాదా లేదా? ఇయ్యేమీ చెప్పకుండా వందకెంతని అడిగితే ఏం చెప్పేది నాయనా. కమీషన్ తక్కవని పొయ్యి, కడాకు చీటీలో సున్నా చూసుకున్యోళ్లు ఎంతమంది లేరు!"

ఆయన మాట పట్టుకుని లెక్క వేద్దాం. ఒక ఫైటుకి బాక్సర్‌కి లక్ష డాలర్లు వచ్చాయనుకుందాం. ట్రైనర్‌కి పది వేలు, రెండు నెలల క్యాంపుకి, సహచర బాక్సర్ల కూలికి, తిండికి, ప్రయాణాలకి పాతిక వేలు. 1960 నాటి ఒప్పందంలో ఈ ముప్పై అయిదు వేలూ షావుకార్ల సగంలోంచి పోతాయి. వాళ్లకి మిగిలేది పదిహేను వేలు, కుర్రాడికి నిలిచేది యాభై వేలు. ఇప్పుడు మామూలు పద్ధతి చూడండి. అమెరికాలో చాలా రాష్ట్రాల నిబంధనలు మేనేజర్ వాటా మూడో వంతు దాటకూడదంటాయి. మొత్తం మీద ఆ 33,333 ముందే పోతుంది. తర్వాత ట్రైనరూ, క్యాంపూ బాక్సర్ నెత్తిన. మిగిలేది 31,667. కంటిమీది గాటుకి మందురాసే కట్‌మ్యాన్‌కి ఇంకో రెండు మూడు శాతం. ఆపైన పన్ను. చూడ్డానికి చిన్న శాతమే బాక్సర్‌ని ఎక్కువ తినేస్తుంది.

డండీ మొదట్లో ఏం తీసుకున్నాడో కూడా ఇక్కడే చెప్పాలి. కుర్రాడు ఏమవుతాడో తెలియని రోజుల్లో శాతం వద్దని, వారానికి 125 డాలర్ల జీతానికి ఒప్పుకున్నాడు. అంత అనుభవమున్న మనిషికే తన ముందున్నది ఎవరో తెలియలేదన్నమాట. శాతాల మాట ఫలితాలు వచ్చాక మొదలైంది.

సంతకాలయిన మూడో రోజునే తొలి ఫైటు. ఊళ్లోనే, ఫ్రీడమ్ హాల్లో. ప్రత్యర్థి టన్నీ హన్‌సేకర్ పశ్చిమ వర్జీనియాలో ఒక చిన్న ఊరి పోలీసు అధికారి. క్లే ఆరు రౌండ్లలో పాయింట్ల మీద గెలిచాడు. పారితోషికం 2,000 డాలర్లు.

అల్బర్టా జోన్స్ కథ ఇక్కడ ఆగదు, ఆగకపోవడమే బాధ. 1965లో ఆమె లూయీవిల్‌లో ప్రాసిక్యూటర్ అయింది. ఆ పదవిలో తొలి మహిళ. అదే ఏడాది ఆగస్టులో ఎవరో ఆమెని కొట్టి ఒహైయో నదిలో పడేశారు. ముప్పై నాలుగేళ్లు. ఈనాటికీ ఎవరికీ శిక్ష పడలేదు. అలీ మీద అలమారలు నిండేన్ని పుస్తకాలు వచ్చాయి. వాటిలో చాలావాటిలో ఆమె పేరు వెతుక్కోవాలి.

* * *

1964 ఫిబ్రవరిలో లిస్టన్‌ని ఓడించి కుర్రాడు ప్రపంచ ఛాంపియనయ్యాడు, ముహమ్మద్ అలీ అయ్యాడు. 1966 అక్టోబరులో షావుకార్ల ఒప్పందం గడువు తీరింది. నల్లజాతి ముస్లింల సంస్థ నేషన్ ఆఫ్ ఇస్లాం అధినేత ఎలైజా ముహమ్మద్ కొడుకు హెర్బర్ట్ ముహమ్మద్ మేనేజరయ్యాడు. వాటా మూడో వంతు. తెల్లవాళ్ల పెత్తనం పోయి సొంత మనుషుల చేతికి లెక్క వచ్చిందని అలీకి గర్వం. ఆ గర్వాన్ని నేను తక్కువ చేయను. 1960ల అమెరికాలో దాని విలువ డాలర్లలో కొలిచేది కాదు. కానీ అల్బర్టా లాంటి మనిషి బల్లకి ఇటువైపు ఇక లేదు.

హెర్బర్ట్ చేతకాని మేనేజరని ఎవరూ అనలేరు. 1971 మార్చి 8న జో ఫ్రేజియర్‌తో ఫైటుకి ఇద్దరికీ చెరో ఇరవై అయిదు లక్షల డాలర్లు. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌తో ఫైటుకి చెరో యాభై లక్షలు. ఆ సొమ్ము జాయిరే పాలకుడు మొబుటు ఖజానా నుంచి. అంత పెద్ద అంకె పలికించి అందరికంటే పైకెగసినవాడు ప్రమోటర్ డాన్ కింగ్. మనిషిని చంపిన కేసులో జైలు నుంచి బయటికొచ్చి అప్పటికి మూడేళ్లే.

అంకెలు పెరిగేకొద్దీ అలీ చుట్టూ మనుషులూ పెరిగారు. పెన్సిల్వేనియాలో డీర్ లేక్ దగ్గర అతని శిక్షణ క్యాంపు చిన్న పల్లెలా ఉండేది. గుండుబండల మీద పాత ఛాంపియన్ల పేర్లు రాయించాడు. వంట చూసే లానా షబాజ్, ఒళ్లు పట్టే లూయిస్ సారియా, ఉత్సాహం ఎక్కించి కేకలు పెట్టే బండీనీ బ్రౌన్, వ్యవహారాలు చూసే జీన్ కిల్‌రాయ్, కాపలాకి ప్యాట్ ప్యాటర్సన్. వీళ్లు గాక పనేమిటో ఎవరూ అడగని వాళ్లు ఇంకెందరో. బండీనీ ఒకసారి అలీ ఛాంపియన్ బెల్టునే తాకట్టు పెట్టాడు. అలీ కొన్నాళ్లు మాట్లాడలేదు, తర్వాత మళ్లీ రానిచ్చాడు. అంతమంది బతుకూ ఒక్కడి రెండు చేతుల మీద. ఆ చేతులు ఆగిపోతే తమ నెల జీతం ఆగుతుందని క్యాంపులో ప్రతివాడికీ తెలుసు.

ఆ గుంపులో జీతం తీసుకోని మనిషి డాక్టర్ ఫెర్డీ పచేకో. మయామీలో పేదల ఆస్పత్రి నడిపేవాడు, సరదాకి వచ్చేవాడు. 1977 సెప్టెంబరులో ఎర్నీ షేవర్స్‌తో ఫైటు తర్వాత అలీ మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని ల్యాబు రిపోర్టులు తెప్పించి, అలీకీ, హెర్బర్ట్‌కీ, డండీకీ, అలీ భార్యకీ పంపాడు. ఎవరూ జవాబివ్వలేదు. ఆయన సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. వాటా ఉంటే అంత సులువుగా వెళ్లగలిగేవాడా అన్నది నేను మాటిమాటికీ వేసుకునే ప్రశ్న.

* * *

మద్రాసులో నవ్వుతూ కనబడిన అలీ అప్పటికి రిటైరయినవాడు. ఆ యాత్రలోనే ఢిల్లీలో ఇందిరాగాంధీని కలిశాడు, మన హెవీవెయిట్ కౌర్ సింగ్‌తో సరదాగా రింగులో దిగాడు. మాస్కో ఒలింపిక్స్‌ని బహిష్కరించమని ఆఫ్రికా దేశాలకి నచ్చజెప్పే పని అధ్యక్షుడు కార్టర్ ఒప్పగిస్తే, ఇక్కడి నుంచి తిన్నగా టాంజానియా వెళ్లాడు. అక్కడినుంచి తొమ్మిది నెలలు కూడా గడవకముందే మళ్లీ బరిలో ఉన్నాడు.

1980 అక్టోబర్ 2. లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్ హోటల్ ఆవరణ. ఎదురుగా ఛాంపియన్ లారీ హోమ్స్, ఒకప్పుడు డీర్ లేక్‌లో అలీకి సాధనలో దెబ్బలు తిన్న కూలి బాక్సర్. అలీకి ముప్పై ఎనిమిదేళ్లు. థైరాయిడ్ మందుతో బరువు కరిగించి కుర్రాడిలా కనబడుతున్నాడు, కానీ ఒంట్లో చెమట పట్టడానికి కూడా సత్తువ లేదు. ప్రమోటర్ డాన్ కింగ్. ఒప్పందంలో అలీ పారితోషికం 80 లక్షల డాలర్లు.

అదే హోటల్లో వచ్చేపోయే అతిథులకి చేయి కలిపి పలకరించే ఉద్యోగంలో జో లూయిస్ బతుకు వెళ్లదీశాడు. పన్నెండేళ్లు ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న మనిషి. ఆయన సంపాదనలో సగం ఇద్దరు మేనేజర్లది. 1942లో రెండు ఫైట్ల పారితోషికాన్ని నేవీకి, ఆర్మీకి విరాళమిచ్చేస్తే, ఆ డబ్బునీ ఆయన ఆదాయంగానే లెక్కగట్టి పన్ను వేసింది ప్రభుత్వం. వడ్డీలతో ఆ బాకీ పెరిగి పెరిగి జీవితమంతా వెంటాడింది. 1981 ఏప్రిల్‌లో పోయాడు.

హోమ్స్ చేతిలో అలీ పడిన దెబ్బలు వర్ణించబోను. చూసినవాళ్లలో కొందరు ఏడ్చారు. కొట్టే హోమ్సే మధ్యలో రిఫరీ వైపు చూశాడు. పదో రౌండు ముగిసి అలీ స్టూలు మీద కూలబడ్డాడు. రింగు కింద కూర్చున్న హెర్బర్ట్ తలెత్తలేకపోయాడు, చాలించమని ప్యాటర్సన్‌కి సైగ చేశాడు. డండీ రిఫరీ రిచర్డ్ గ్రీన్‌ని పిలిచి ఆపేయమన్నాడు. బండీనీ డండీ స్వెట్టరు పట్టుకుని లాగుతూ ఇంకొక్క రౌండు అని బతిమాలాడు. డండీ విదిలించుకున్నాడు. ఈ మూలకి పెద్దని నేను అని రిఫరీకి ఖాయం చేశాడు. ఎక్కువ డబ్బు వచ్చే వైపు నిలబడిన మనిషే ఇతను, మరిచిపోకండి. లెక్క చూసుకునేవాడికి జాలి ఉండదని మనం అనుకుంటాం.

ఆ తర్వాత చీటీ వచ్చింది. ఒప్పుకున్నది 80 లక్షల డాలర్లు. చేతికందింది 68 లక్షల 30 వేలు. తక్కువైనది 11 లక్షల 70 వేలు. ఆ తరుగు ఏ పద్దు కింద తీశారో ఒప్పందంలో ఎక్కడా లేదు.

షికాగో లాయర్ మైఖేల్ ఫెన్నర్ అలీ తరఫున 1982లో దావా వేశాడు. కాగితం గట్టిగా ఉంది, కేసు గెలిచే కేసు. అలీ అప్పుడు లాస్ ఏంజెలస్‌లో ఆస్పత్రిలో ఉన్నాడు. మాట ముద్దగా వస్తోంది, చేతులు నెమ్మదించాయి. డాన్ కింగ్ ఒక సూట్‌కేసులో 50,000 డాలర్ల నోట్లు పెట్టి, జెరమైయా షబాజ్ చేతికిచ్చాడు. షబాజ్ అలీకి చాలా ఏళ్ల దోస్తు, మతంలో గురువులాంటివాడు. వెంట ఒక కాగితం. సంతకం పెడితేనే సూట్‌కేసు ఇవ్వాలన్నది షరతు. నోటరీ కూడా సిద్ధం. మంచం పక్కన సూట్‌కేసు తెరుచుకుంది. అలీ సంతకం పెట్టాడు. ఆ ఒక్క సంతకంతో 11 లక్షల 70 వేల దావా రద్దయింది. వందకి నాలుగు రూపాయల పావలా చొప్పున పరిష్కారమన్నమాట.

లాయర్‌కి చెప్పలేదు. సంగతి తెలిశాక ఫెన్నర్ ఏడ్చాడు. తాను చేసిన పనికి షబాజ్ తర్వాత చాలా ఏళ్లు కుమిలాడు. కింగ్ మాత్రం వ్యాపారం సాగించాడు. 1998లో మైక్ టైసన్ అదే కింగ్ మీద పది కోట్ల డాలర్లకి దావా వేసి, దివాలా తీసిన తర్వాత 2004లో కోటీ నలభై లక్షలకి రాజీపడ్డాడు.

* * *

2000 మే నెలలో అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన చట్టానికి ముహమ్మద్ అలీ పేరే పెట్టారు. అందులో ఒక క్లాజు చదువుతుంటే నాకు ఆస్పత్రి మంచమే గుర్తొచ్చింది. ఫైటు మీద తనకి ఎంత రాబోతోందో, బాక్సర్ మీద ఏయే ఖర్చులు వేస్తున్నాడో, ముందు ఒప్పుకున్న పారితోషికంలో ఏమైనా తగ్గిస్తున్నాడో ప్రమోటర్ ఆ బాక్సర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. ప్రమోటరే మేనేజర్‌గా ఉండకూడదు, బినామీగా వాటా కూడా పెట్టుకోకూడదు. ఒకే మనిషి కొనేవాడూ అమ్మేవాడూ అయితే ధర ఎవరు నిర్ణయిస్తారు?

కానీ ఈ చివరి కట్టుబాటుకి ఒక మినహాయింపు పెట్టారు. పది రౌండ్లకంటే తక్కువ ఫైట్లు మాత్రమే ఆడే బాక్సర్లకి అది వర్తించదు. నాలుగు రౌండ్లు, ఆరు రౌండ్లు ఆడేది ఎవరు? అప్పుడే రంగంలోకి దిగిన పిల్లలు. క్లే తొలి ఫైటు ఆరు రౌండ్లే.

మన దగ్గర ఇలాంటి ప్రత్యేక చట్టమే లేదు. విజేందర్ సింగ్ 2015లో ఇంగ్లండ్ ప్రమోటర్ ఫ్రాంక్ వారెన్ కంపెనీతో ఒప్పందం చేసుకుని ప్రొఫెషనల్ అయ్యాక ఇక్కడి కుర్రాళ్లకీ ఆ దారి కనబడింది. ఒప్పందాలన్నీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం కిందే. పద్దెనిమిది నిండితే చాలు, తిరుపతి కుర్రాడు ఒక్కడే సంతకం పెట్టొచ్చు. క్లేకి అదే వయసులో తల్లిదండ్రుల సంతకం కావలసి వచ్చింది. ఆ లెక్కన మన చట్టం కుర్రాళ్లని ఎక్కువ నమ్ముతుంది. ఆ కాగితం చదివి పెట్టే మనిషి కోసం మాత్రం వెతుక్కోవాల్సిందే.

తెలుగునేలలో బాక్సింగ్ డబ్బంటే ఇప్పటికీ ప్రధానంగా అమెచ్యూర్ డబ్బే, ఎక్కువగా సర్కారుది. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు తెలంగాణ ప్రభుత్వం రెండు కోట్లూ, ఇంటి స్థలమూ ప్రకటించింది. 2023 మార్చిలో ఢిల్లీలో మళ్లీ గెలిస్తే లక్ష డాలర్లు, పైన ఒక థార్ బండి వచ్చాయి. బహుమతి డబ్బుతో మెర్సిడెస్ కొందామనుకున్నానని, బండి ఎలాగూ వచ్చింది కనక అమ్మానాన్నల్ని ఉమ్రాకి పంపుతానని ఆమె చెప్పింది. ఆ డబ్బులో వాటా ఎవరిదన్న ప్రశ్న అప్పుడు ఎవరూ వేయలేదు.

ఏడాది తిరిగేసరికి వేశారు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కి ముందు అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం ఐబీఏ ఒక ప్రకటన చేసింది. అంతకు ముందే ఒలింపిక్ కమిటీ ఈ సంఘానికి గుర్తింపు తీసేసింది, కాబట్టి ఇది ఆటలకి బయటి నుంచి వచ్చే డబ్బు. స్వర్ణం గెలిచిన బాక్సర్ పేరిట లక్ష డాలర్లు. అందులో యాభై వేలు బాక్సర్‌కి, పాతిక వేలు కోచ్‌కి, పాతిక వేలు ఆ దేశపు సంఘానికి. మళ్లీ సగం దగ్గరికే వచ్చింది లెక్క.

ఆగస్టు 1న పారిస్‌లో చైనా బాక్సర్ వూ యు చేతిలో నిఖత్ ప్రీ క్వార్టర్స్‌లోనే ఓడింది. పంపకం అవసరం రాలేదు. గెలిచి ఉంటే కోచ్ పేరు దగ్గర ఆ పాతిక వేలు ఆగేవి. నిజామాబాద్ మైదానంలో మొదట పరుగు నేర్పింది తండ్రి జమీల్ అహ్మద్. గ్లవ్స్ తొడిగించిన కోచ్ ఆ ఊళ్లోనే ఉన్నాడు. విశాఖపట్నంలో భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో ఆమెని తీర్చింది ద్రోణాచార్య అవార్డు పొందిన ఐ. వెంకటేశ్వరరావు. జాతీయ శిబిరంలో మూలన నిలబడినవాళ్లు వేరు. ఆ చెక్కు మీద ఎవరి పేరు రాయాలో ఐబీఏ ప్రకటన చెప్పలేదు.